హారనమ్మ నల్లద్దాలు

రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. ఆ హారన్ సందు మొదట్లో వినపడిందంటే చాలు, ఇళ్ళల్లో ఉరుకులు పరుగులు మొదలయ్యేవి. మూడో కూత ఆగేలోపు పిల్ల బ్యాగు తగిలించుకుని గుమ్మంలో ఉండాలి. లేకపోతే ఆ తల్లికి ఆ పూట చివాట్లే. "మీ అమ్మాయి ఒక్కదాని జడ కోసం మిగతా పిల్లలంతా గేటు బయట నిలబడాలా అమ్మా?" అని సందంతా వినేటట్టు అడిగేది బడి వ్యాన్ నడిపే ఆవిడ. అందుకే పిల్లలు ఆవిడకి హారనమ్మ అని పేరు పెట్టారు. అది పెద్దవాళ్ళ నోళ్ళలోనూ పడింది. చివరికి కట్టుకున్న మొగుడు కూడా "మా హారనమ్మ వచ్చే వేళయింది, టీ పెట్టాలి" అనేదాకా వచ్చింది.

అంత నోరున్న మనిషి, తన కళ్ళ విషయంలో మాత్రం నోరు విప్పలేదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

ఆ వ్యాన్ మామగారిది. ఆయన పక్కన కూర్చునే ఆవిడ స్టీరింగ్ పట్టడం నేర్చుకుంది. మొగుడికి రోడ్డు పక్కన పంక్చర్ల కొట్టు ఉంది. ఎంత పెద్ద బండి చక్రమైనా విప్పి బిగిస్తాడు గానీ, ఆ బండిని నడపమంటే ఒళ్ళంతా చెమటలు పట్టేస్తాయి మహానుభావుడికి. మామగారు పోయాక కొడుకు బండి అమ్మేద్దామన్నాడు. కోడలు తాళాలు తీసి తన దగ్గర పెట్టుకుంది. అత్తగారు ఔననలేదు, కాదనలేదు. కొన్నాళ్ళు అసలు ఆ బండి వంకే చూడలేదు.

ఒక పొద్దున హారనమ్మ బయటికి వచ్చేసరికి బండి తలుపులు తీసి ఉన్నాయి. లోపలంతా శుభ్రంగా ఊడ్చి ఉంది. డ్రైవర్ సీటు మీద ఉతికిన ఆకుపచ్చ తువ్వాలు పరిచి ఉంది. మామగారు ఉన్నన్నాళ్ళూ అత్తగారు అలాగే పరిచేది. డ్రైవర్లకి అదొక పట్టింపు. సీటు మీద తన తువ్వాలు ఉంటేనే ఆ సీటు తనది. చెమట పట్టినా, చేతికి గ్రీజు అంటినా, మొహం కడుక్కున్నా తుడుచుకునేది దానితోనే. హారనమ్మ ఆ తువ్వాలు తీసి మొహానికి అద్దుకుని, ఎవరూ చూడకుండా ఏడ్చింది. అత్తగారు తనని ఒప్పుకుందని ఆవిడకి ఆ రోజే తెలిసింది. అప్పటి నుంచి ఏ పొద్దునా ఆ తువ్వాలు తప్పలేదు.

ఇక కళ్ళ సంగతి. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో మొదలైంది. ముందు కంటి మూలల్లో కాస్త దురద. నలిపితే ప్రాణానికి హాయిగా ఉండేది. ఆ హాయి ఎంతసేపు? చెయ్యి తీసేలోపే రెట్టింపు దురద. రెప్పలు ఉబ్బేవి, తెల్లగుడ్డు ఎర్రబడేది, రెండు కళ్ళ నుంచీ నీళ్ళు ధారగా కారేవి. సబ్బు మార్చింది. దిండు మార్చింది. సీట్ల మీద కవర్లు పీకించి కొత్తవి వేయించింది. బండిలో వేలాడే సువాసన డబ్బా పారేసింది. ఏం చేసినా అంతే.

సెలవు రోజున మాత్రం కాస్త నయంగా ఉండేది. అది గమనించినప్పుడే ఆవిడకి గుండెల్లో రాయి పడింది. బండి ఎక్కితే దురద, ఎక్కకపోతే లేదు. అంటే రోడ్డు దుమ్మే, బళ్ళ పొగే తనకి పడటం లేదన్నమాట. డాక్టరు దగ్గరికి వెళితే ఏమంటారో ఆవిడకి ముందే తెలిసిపోయినట్టు అనిపించింది: ఈ పని మానెయ్యి అంటారు. అందుకే వెళ్ళలేదు. చూశారా తెలివి!

ఆవిడ బండి ఆగే మొదటి గుమ్మం పిచ్చుక వాళ్ళది. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా కిచకిచమనే పిల్ల కాబట్టి పిచ్చుక. ఒకరోజు పిచ్చుక తల్లి పిల్ల చెయ్యి వదలకుండా హారనమ్మ మొహంలోకి చూసింది.

"ఏంటి ఆంటీ ఆ కళ్ళు? కళ్ళకలకా? మా దానికి అంటుకుంటే ఎలా?"

"కలకా లేదు, గిలకా లేదు. ఎండ పొడ తగిలిందమ్మా. ఎక్కించు, ఆలస్యమవుతోంది."

మర్నాటి నుంచి హారనమ్మ కళ్ళకి నల్లద్దాలు వచ్చాయి. పిల్లలు "హీరోయిన్! హీరోయిన్!" అని గోల చేశారు. ఆవిడా నవ్వింది. లోపల మాత్రం భయం. ఒక్క తల్లి కలక అని నమ్మితే చాలు, సందు సందంతా పాకుతుంది, పిల్లలు ఒక్కొక్కరే వేరే బండి ఎక్కేస్తారు.

ఆ సాయంత్రమే మందుల కొట్టుకి వెళ్ళింది. కొట్టాయన ఆవిడ కళ్ళ వంక ఒకసారి చూసి, చిన్న సీసా తీసి గల్లా బల్ల మీద పెట్టాడు. "రెండేసి చుక్కలు వేసుకోండమ్మా. పొద్దున్నకల్లా ముత్యాల్లా ఉంటాయి." అబద్ధం కాదు. పొద్దున్నకల్లా దురద లేదు, ఎరుపు లేదు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. సీసా అయిపోయినప్పుడల్లా మళ్ళీ వెళ్ళేది. ఆవిడ అడగకముందే ఆయన సీసా తీసేవాడు. అలా వానలు పోయి చలి వచ్చింది, చలి కూడా సగం గడిచింది.

ఒక చలి పొద్దున సీసా ఖాళీ అయింది. ఎంత విదిలించినా చుక్క రాలలేదు. ముందు రోజు మందుల కొట్టు మూసి ఉంది, కొట్టాయన పెళ్ళికి వెళ్ళాడట. ఒక్క పూటకి ఏమవుతుందిలే అనుకుని నల్లద్దాలు పెట్టుకుని బండెక్కింది.

పిచ్చుకని ఎక్కించుకునేసరికే మూలల్లో మొదలైంది. మూడో సందు తిరిగేసరికి రెండు కళ్ళూ మండిపోతున్నాయి. స్టీరింగ్ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అద్దాల కిందికి తువ్వాలు దోపి గట్టిగా తుడిచింది. తుడిచినకొద్దీ రేగింది. బండి నిండా పిల్లలు. వెనక ఎవరో ఎవరి పెన్సిలో లాక్కున్నారు, "ఆంటీ, చూడండాంటీ" అని ఫిర్యాదు. "నోర్ముయ్యండర్రా!" అని అరిచింది. పిల్లల మీద ఎప్పుడూ అలా అరవని మనిషి. బండంతా గప్‌చుప్‌.

పెద్దరోడ్డు మలుపు దగ్గర ఎదురెండ. నీళ్ళు నిండిన కళ్ళకి ఎండ, అద్దం, రోడ్డు అన్నీ కలిసిపోయి తెల్లటి మరక అయ్యాయి. రెప్పలు కొట్టింది. మరక పోలేదు. ఆ మరకలో ఒక నారింజ రంగు చుక్క కదిలింది. అది ఏమిటో తెలియలేదు. తెలియకుండానే కాలు బ్రేకు మీద పడింది. బండి కీచుమని ఊగి ఆగింది. పిల్లలు ముందుకి తూలి కెవ్వుమన్నారు.

ఆ నారింజ రంగు ఒక మనిషి చొక్కా. రోడ్డు ఊడ్చే ఆవిడ, వంగి చెత్త ఎత్తుతోంది. బండి ముందు బంపరుకీ ఆమె నడుముకీ మధ్య ఆమె చీపురు పట్టేంత చోటు కూడా లేదు.

ఊడ్చే ఆవిడ చీపురు విసిరి కొట్టి, తలుపు దగ్గరికి వచ్చి లంకించుకుంది. "కళ్ళు నెత్తికెక్కాయా? పొద్దున్నే నన్ను చంపడానికి బయల్దేరావా తల్లీ?" హారనమ్మ నల్లద్దాలు తీసింది. ఊడ్చే ఆవిడ ఇంకో తిట్టు తిట్టబోయి ఆగిపోయింది.

"ఓలమ్మో! ఈ కళ్ళతోనా పిల్లల్ని తీసుకుపోతున్నావు?"

హారనమ్మ వెనక్కి తిరిగి పిల్లల్ని చూసింది. ఒకడు ముందు సీటుకి కొట్టుకున్న నుదురు రుద్దుకుంటున్నాడు. పిచ్చుక కిచకిచమనడం మానేసి పెద్ద కళ్ళేసుకుని చూస్తోంది. బండి మెల్లగా పక్కకి తీసి, తాళం తిప్పి, ఆ తాళాలు తీసి లోపలి జేబులో వేసుకుంది. అంత పనీ చేసి అప్పుడు ఏడ్చింది.

బడి అక్కడికి రెండు వీధులే. బండి పైన సామాన్లు కట్టే తాడు దింపి పిల్లలందరినీ వరసగా నిలబెట్టి పట్టుకోమంది. తాడు మొదట తను. తాడు చివర, ఎవరూ పిలవకుండానే, ఊడ్చే ఆవిడ. చీపురు అడ్డంగా పెట్టి బళ్ళు ఆపుతూ, హారన్ కొట్టిన వాళ్ళని తిడుతూ గేటు దాకా వచ్చింది. హారనమ్మ పిల్లలు బడికి ఆలస్యంగా చేరడం అదే మొదలు.

గేటు దగ్గరే నిలబడి తల్లులందరికీ ఫోన్ చేసింది. ఎవరికీ వంక చెప్పలేదు. "నా కళ్ళు బాగాలేవమ్మా. చాన్నాళ్ళుగా బాగాలేవు. మీకు చెప్పకుండా దాచాను. ఇవాళ బ్రేకు పడింది కాబట్టి సరిపోయింది. బాగయ్యేదాకా బండి తీయను." కొందరు అయ్యో అన్నారు. కొందరు ఏమీ అనకుండా పెట్టేశారు. పిచ్చుక తల్లి మాత్రం, "ఆ రోజు అడిగాను కదా ఆంటీ. నా మొహం చూసి అబద్ధం చెప్పారు" అంది. ఆ మాట హారనమ్మకి చెంప మీద కొట్టినట్టే తగిలింది. పడింది. పడాల్సిందే.

మొగుడు కొట్టు మూసి, గ్రీజు చేతులతోనే కంటి ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చాడు. డాక్టరమ్మ సన్నటి వెలుగు కళ్ళలోకి వేసి, రెప్పలు తిరగేసి చూసింది.

"దురదా, నొప్పా?"

"దురదేనండీ. పీకి పక్కన పెట్టుకుందామనిపిస్తుంది."

"పచ్చగా పుసి కడుతుందా? పొద్దున రెప్పలు అంటుకుపోతాయా?"

"లేదండీ. నీళ్ళే. ఒక్కోసారి తెల్లగా తీగలా సాగుతుంది."

"ముందు ఒక కంటికి వచ్చి, తర్వాత రెండో దానికి వచ్చిందా?"

"రెండూ ఒక్కసారేనండీ."

"అయితే ఇది కలక కాదమ్మా. అలర్జీ. ఇది ఎవరికీ అంటుకోదు."

హారనమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ ఎవరికి అంటుకుంటుందంటారో అని అద్దాల వెనక దాక్కుంది. వచ్చి అడిగి ఉంటే ఒక్క మాటలో తేలిపోయేది! మొగుడు "నేను చెప్పలా?" అన్నాడు, ఆయన ఏమీ చెప్పకపోయినా.

"ఏ మందు వేసుకుంటున్నారు?"

ఖాళీ సీసా తీసి ఇచ్చింది. దాని మీది చిన్న అక్షరాలు చదివేసరికి డాక్టరమ్మ మొహం మారిపోయింది. ఎన్నాళ్ళుగా అని అడిగింది. వానలు తగ్గుముఖం పట్టినప్పటి నుంచి అని చెప్పింది హారనమ్మ. డాక్టరమ్మ వెంటనే ఆవిడని వేరే కుర్చీలో కూర్చోబెట్టి కంటి ఒత్తిడి కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. మేమూ రాస్తాం, కానీ కొద్దిరోజులకే, కళ్ళు పరీక్ష చేస్తూ. ఇలా ఎవరికి వారు నెలల తరబడి వేసుకుంటే కొందరికి కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. మీకు బాగా పెరిగింది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, మనిషికి తెలియదు. చూపు అంచుల నుంచి పోతూ వస్తుంది. పోయింది మళ్ళీ రాదు."

"నాకు... పోయిందా అండీ?"

"కంటి నరం చూడాలి. కంటిపాప విరిసే చుక్కలు వేస్తారు, అవి పనిచేసేదాకా బయట కూర్చోండి."

ఆ బయట బల్ల మీద కూర్చున్నంతసేపు చచ్చి బతికారు ఇద్దరూ. మామూలుగా శవాన్ని కూడా నవ్వించే మొగుడు గోడ గడియారం వంక చూస్తూ ఉండిపోయాడు. హారనమ్మ ఒక కన్ను మూసి ఎదురు గోడ మీది అక్షరాలు చదివింది. తర్వాత రెండోది మూసి చదివింది. అంచుల్లో ఏదైనా తగ్గిందా? ఆ తలుపు ఇందాక అంత పక్కగా ఉందా? ఏదీ తేలలేదు. తను ఇలా అంచులు పోయిన కళ్ళతో, రోడ్డు పక్క నుంచి పరిగెత్తుకొచ్చే పిల్లని చూడలేని కళ్ళతో, ఇన్నాళ్ళూ బండి నడిపిందేమో అనుకునేసరికి రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది.

లోపలికి పిలిచి, మళ్ళీ వెలుగు వేసి చూశారు. "నరం ప్రస్తుతానికి బాగుంది" అంది డాక్టరమ్మ. మొగుడు అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. హారనమ్మ మాత్రం ప్రస్తుతానికి అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఒత్తిడి దించడానికి ఒక మందు, అలర్జీకి వేరే చుక్కలు రాసి, ఒత్తిడి దిగిందని తను చెప్పేదాకా పిల్లల బండి ముట్టుకోవద్దంది డాక్టరమ్మ. దురద వస్తే చల్లటి తడిగుడ్డ వెయ్యాలి, ప్రాణం పోతున్నా సరే చేత్తో నలపకూడదు.

ఆ మాట అంటుండగానే హారనమ్మ అలవాటుగా సంచిలోంచి ఆకుపచ్చ తువ్వాలు తీసి కళ్ళకి అద్దుకోబోయింది. డాక్టరమ్మ గభాల్న చెయ్యి పట్టుకుంది. తువ్వాలు తీసుకుని దీపం కింద పట్టింది.

"ఇంట్లో పిల్లి ఉందా?"

"మా అత్తగారిదండీ. పెరట్లో ఉంటుంది. నేను ముట్టుకోనే ముట్టుకోను దాన్ని."

"దీని నిండా దాని బొచ్చే. మీకు పడనిది ఆ బొచ్చుకి అంటుకుని వచ్చే పొడి. దీనితోనా రోజూ మొహం తుడుచుకునేది?"

"అది రోజూ ఉతికేదేనండీ!" అని గట్టిగా అనేసి, హారనమ్మ ఆగిపోయింది. రోజూ ఉతికేది సాయంత్రం. మరి తన చేతికి వచ్చేది పొద్దున.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. ఒళ్ళో ఎర్రచారల పిల్లి. వానల్లో తడిసి వణుకుతూ వచ్చిన దాన్ని చేరదీసి దొరసాని అని పేరు పెట్టుకుంది. మామగారు పోయాక ఆవిడ పొద్దస్తమానం కబుర్లు చెప్పుకునేది దానితోనే.

"అత్తయ్యా, పొద్దున తువ్వాలు పరిచాక దొరసాని సీటెక్కుతుందా?"

"ఎక్కుతుందే. నువ్వు వచ్చేదాకా దాని మీదే ముడుచుకుని పడుకుంటుంది. వానలప్పుడూ చలే, ఇప్పుడూ చలే, సీటు ఐసులా ఉంటుంది. అది పడుకుంటే నీకు వెచ్చగా ఉంటుందని నేనే వదిలేస్తా. ఏం?"

మొగుడు జరిగిందంతా చెప్పాడు. వింటున్నకొద్దీ అత్తగారి చేతులు పిల్లి మీది నుంచి జారిపోయాయి. "నా చేతులతో నేనే నీ కళ్ళు పొడిచానా అమ్మాయ్!" అని నోటికి అడ్డం పెట్టుకుని బావురుమంది. హారనమ్మ దగ్గరికి వెళ్ళబోతే, "రాకు, రాకు, నా ఒంటి నిండా దాని బొచ్చే" అని వెనక్కి జరిగింది. స్నానం చేసి, బట్టలు మార్చుకుని వచ్చి, అప్పుడు కోడల్ని గట్టిగా పట్టుకుంది.

"మీ తప్పేం లేదు అత్తయ్యా" అంది హారనమ్మ. "దురద పుట్టిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సింది. దాచింది నేను."

దొరసాని కాపురం పంక్చర్ల కొట్టుకి మారింది. ఇప్పుడది పాత టైర్ల దొంతర మీద మహారాణిలా కూర్చుంటుంది. మొగుడు సాయంత్రం ఇంటికొస్తే ముందు పెరట్లో స్నానం, తర్వాతే గడప తొక్కడం. "నా ఇంట్లోకి నేను రావడానికి ఇన్ని ఆంక్షలా?" అని గొణుక్కునేవాడు గానీ ఒక్కరోజూ తప్పించలేదు. అత్తగారు తువ్వాళ్ళు వేడినీళ్ళలో ఉతికి, ఎండబెట్టి, మూతున్న డబ్బాలో పెట్టేది. దురద రోజురోజుకీ తగ్గింది. హారనమ్మ మాత్రం పొద్దున్నే వేరే వ్యాన్ హారన్ వినపడగానే వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేసుకునేది.

చాలాసార్లు తిరిగాక, ఒకరోజు డాక్టరమ్మ ఒత్తిడి కొలిచి, "దిగింది. నరానికి ఏం కాలేదు. ఇక బండి తీయండి. పరీక్షకి మాత్రం వస్తూ ఉండాలి, నలపడం మాత్రం వద్దు" అంది.

బండి తీసిన పొద్దున అత్తగారు తువ్వాలు డబ్బా పట్టుకుని వచ్చి, ఎవరూ పిలవకుండా ముందు సీటు ఎక్కి కూర్చుంది. "ఎక్కడికి అత్తయ్యా?" అంటే, "నీ చెయ్యి కాపలాకి" అంది.

రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. పిచ్చుక తల్లి గుమ్మంలోకి వచ్చింది గానీ పిల్ల చెయ్యి వదల్లేదు. హారనమ్మ బండి దిగింది. నల్లద్దాలు లేవు. ఎండకి ఎదురుగా నిలబడి మొహం ఎత్తింది.

"చూడమ్మా. రేపూ చూడు, ఎల్లుండీ చూడు. ఎప్పుడు ఎర్రగా కనపడితే అప్పుడు పిల్లని ఎక్కించకు. నేనేమీ అనుకోను."

పిచ్చుక తల్లి నిజంగానే చూసింది. మొహమాటపడకుండా, ఒక కన్ను తర్వాత ఒకటి చూసింది. తర్వాత పిల్లని ఎత్తి బండిలో కూర్చోబెట్టింది. "మెల్లగా వెళ్ళండాంటీ" అంది.

దారిలో హారనమ్మ చెయ్యి అలవాటుగా స్టీరింగ్ వదిలి కంటి దాకా లేచింది. "చెయ్యి!" అని అరిచింది అత్తగారు. చెయ్యి ఠక్కున దిగిపోయింది. పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి? రెండోసారి చెయ్యి లేవబోయేసరికి పిచ్చుక మొదలుపెట్టింది, బండంతా అందుకుంది. "చెయ్యి! చెయ్యి!"

పెద్దరోడ్డు మలుపు వచ్చింది. అదే ఎదురెండ. రోడ్డు పక్కన నారింజ చొక్కా వేసుకున్న ఊడ్చే ఆవిడ నడుము ఎత్తి, బండి వంక అనుమానంగా చూసింది. హారనమ్మ చాలా ముందు నుంచే ఆమెని చూసింది. చొక్కా గుండీలు కూడా కనపడ్డాయి. బండి ఆపి, తల బయటికి పెట్టి, పోనివ్వనా అన్నట్టు చూసింది. ఊడ్చే ఆవిడ దగ్గరికి వచ్చి, కళ్ళలోకి తేరిపార చూసి, చీపురు పక్కకి తీసి దారి ఇచ్చింది.

అప్పుడు హారనమ్మకి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామని చెయ్యి ఎత్తింది.

"చెయ్యి!" అన్నారు పిల్లలంతా.

రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని, నీళ్ళని అలాగే కారనిచ్చింది. అవి కారడం ఆగేదాకా బండి కదపలేదు. ఆ రోజు పిల్లలు బడికి కాస్త ఆలస్యంగా చేరారు.